పెత్రమాసకి రెండు రోజుల ముందు, రెండో అంతస్తులో

మెట్ల దగ్గర తల వంచండి. చెక్క మెట్లు, తొక్కీ తొక్కీ మధ్యలో గుంటలు పడ్డాయి. పై దూలం సరిగ్గా నుదుటి ఎత్తులో ఉంది. పక్కన వేలాడుతున్న తాడు పట్టుకుని ఎక్కండి, కటకటాల కన్నా అదే గట్టిది. రాత్రి తొమ్మిదిన్నర అయింది. నాగ్‌పాడా జంక్షన్‌లో బస్సు దిగి కామాటిపురా గల్లీల్లోకి నడిచొచ్చేసరికే మోకాళ్ళ దాకా తడిశాం. బతుకమ్మ పండగ ముంగిట్లోకి వచ్చినా ముంబై వాన ఇంకా సెలవు తీసుకోలేదు.

వరండాలో గోడవారగా బకెట్లు, బిందెలు బారుగా ఉన్నాయి. నల్లా తెల్లవారుజామున వస్తుంది. ఇప్పుడే వరస పెట్టుకున్నారు. ఒక ఖోలిలో, అంటే గదిలో, మరాఠీ సీరియల్ నడుస్తోంది, దాని పక్క ఖోలిలో తెలుగు వార్తలు. ఇంకో గుమ్మంలో ఒక ముసలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. మనకి కావలసింది చివరి ఖోలి. చెప్పులు ఇక్కడే విప్పండి, లోపల నలుగురు కూర్చుంటే అయిదోవాడికి నిలబడే చోటే ఉంటుంది.

"అన్నా, వచ్చినవా? పొద్దున్నుంచి చాలు ఐతలేదు."

ఈ 'చాలు'ని మన ఊరి చెవితో వినకండి. ఊళ్ళో చాలు అంటే ఇక వద్దని. ఇక్కడ మరాఠీ, హిందీ కలిసిన తెలుగులో చాలు అంటే మొదలవడం. బండి చాలు చేయి, ఫ్యాన్ చాలు చేయి, కంప్యూటర్ చాలు ఐతలేదు. తమ్ముడి ముఖంలో రక్తం లేదు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. చదివింది మున్సిపాలిటీ తెలుగు బడిలో. ముంబై కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగొకటి. ఆ బడిలో నేర్చుకున్న అక్షరాలతోనే ఇతను బతుకుతున్నాడు. పెళ్ళి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, గల్లీ సంఘాల కరపత్రాలు, పండగ బ్యానర్లు, తెలుగులో ఏది అచ్చువేయాలన్నా ఈ పేటలో జనం ఈ మెట్లే ఎక్కుతారు.

టేబుల్ మీద డబ్బా పక్కతలుపు తీసి ఉంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, ముందు పచ్చదీపం వెలుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. మూలన నారింజ రంగు చుక్క ఒక్కటి మినుకు మినుకుమంటోంది. అంటే మానిటర్ బతికే ఉంది, దానికి పంపేవాళ్ళు లేరు.

"ఏం చేసినవ్ తమ్మీ? మొదటి నుంచి చెప్పు."

మొదటి నుంచి ఇదీ సంగతి. యంత్రం 2010 నాటిది. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న బోర్డు, రెండే ర్యామ్ స్లాట్లు, ఒకదాంట్లో 2 జీబీ. ఫోటోషాప్‌లో బ్యానర్ తెరిచి పక్కన పేజ్‌మేకర్ పెట్టుకుంటే ప్రాణం పోయేంత నెమ్మది. పండగ పని మీద పడుతోందని నిన్న సాయంత్రం లామింగ్టన్ రోడ్డుకి పోయి రెండు 4 జీబీ ర్యామ్‌లు కొన్నాడు. పొద్దున పాతది పీకి కొత్తవి పెట్టాడు. లేవలేదు. కంగారుపడి కొత్తవి పీకి పాతది మళ్ళీ పెట్టాడు. అప్పుడూ లేవలేదు! గుండె జారిపోయింది అక్కడే. కింద వీధిలో పని తెలిసిన ఒకతను వచ్చి రెండు నిమిషాలు చూసి, మదర్‌బోర్డు పోయింది, ఇది పారేసి కొత్త సెట్టు కొనుక్కో అని చెప్పి వెళ్ళిపోయాడు.

రేపు రాత్రికి బతుకమ్మ కరపత్రం చేతికి రావాలి. ఎల్లుండి పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. చుట్టూ జిరాక్స్ కొట్లు ఎన్నో ఉన్నాయి, మరి అక్కడ చేయించలేరా అని మీరు అడగవచ్చు. హిందీ, మరాఠీ, ఇంగ్లిష్ అయితే చేస్తారు. ఇతని తెలుగు పేజీలన్నీ అనూ ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు పోయి అర్థంలేని గుర్తులు బారులు తీరతాయి. పదేళ్ళ పెళ్ళిళ్ళ పేర్లు, దేవుడి కార్డుల నమూనాలు అన్నీ ఈ డబ్బాలోనే ఉన్నాయి.

"బిడ్డా, చాయ్ తాగి చూడు" అంటూ వాళ్ళమ్మ గ్లాసు అందిస్తోంది. తీసుకోండి. కానీ టేబుల్‌కి దూరంగా పెట్టుకుని తాగండి.

ముందు చేయాల్సింది, ఆ మీట నొక్కడం మానేయడం. కొత్త ర్యామ్ పెట్టాక యంత్రం లేవకపోతే ప్రతివాడూ పదిసార్లు ఆన్ చేస్తాడు, పదకొండోసారి లేస్తుందేమోనని. అది మొండికేసిన పిల్ల కాదు. ఒక చోట ఆగింది, ఎందుకు ఆగిందో మనం కనుక్కోవాలి.

వెనక వైరు గోడ నుంచి పీకేశాను. ఇప్పుడు ముందు బటన్‌ని పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫ్యాన్ ఒక్కసారి అలా కదిలి ఆగింది, చూశారా? సప్లైలో మిగిలిన కరెంటు అది. అదీ అయిపోయింది. కేబినెట్ ఇనుముని ఒకసారి అరచేత్తో తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ఈ వానలో, ఈ తేమలో స్టాటిక్ భయం తక్కువే. అయినా నేను తాకుతాను. అలవాటు తప్పితే ఎండాకాలం ఏసీ గదిలో ఎవరి ర్యామో కాలుతుంది.

ర్యామ్ తీసేద్దాం. రెండు చివరల క్లిప్పులు ఒకేసారి బయటికి నొక్కండి, అదే లేస్తుంది. అంచులనే పట్టుకోండి, కింద ఉన్న బంగారు గీతల మీద వేలు పడనీయకండి. ఇక ఆ నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్2032, మూడు వోల్టులది. గోటితో దాని కొక్కెం పక్కకి నెడితే బయటికొస్తుంది. కొత్త ర్యామ్‌తో లేవబోయి, యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ ఏదైనా తప్పుడు సెట్టింగు పట్టుకుని కూర్చుందేమో. బ్యాటరీ తీసి కాసేపు ఉంచితే అవన్నీ మరిచిపోయి కొన్ననాటి స్థితికి వస్తుంది. పది నిమిషాలు చాలు. ఊరి 'చాలు'.

ఈ పది నిమిషాలు కిటికీ దగ్గర నిలబడండి. కింద గల్లీలో వాన నీళ్ళు పారుతున్నాయి, తాడిపత్రి కప్పిన బండి ఒకటి గోడకి ఆనించి ఉంది. ఈ పేట పేరు చెప్పగానే దేశమంతా ఒక్కటే అనుకుంటుంది. కానీ పేరు వచ్చింది మనవాళ్ళ నుంచి. నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, రాయి మోసి, సున్నం కలిపి ముంబైకి గోడలు లేపిన తెలుగు కూలీలను కామాటీలన్నారు. వాళ్ళు ఉన్న చోటు కామాటిపురా అయింది. అంతకుముందు ఇక్కడంతా పల్లపు నేల, సముద్రపు పోటు వర్లీ గండి గుండా లోపలికి వచ్చేది. 1784 నాటికి గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో ఆ గండికి కట్ట వేశాక నేల తేలింది. దాని మీద కూలీల గుడిసెలు లేచాయి, ఆ తర్వాత చాల్‌లు, అంటే వరస ఖోలీల మేడలు, లేచాయి. ఊరంతటికీ గోడలు కట్టినవాళ్ళ మనవలు, మునిమనవలు పది అడుగుల ఖోలిలో ఉన్నారు. నాకు ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది.

అయినా ఏటా పెత్రమాస వస్తే ఈ ఇరుకు గల్లీలోనే బతుకమ్మలు దిగుతాయి. తంగేడు, గునుగు ఊరినుంచి వచ్చేవాళ్ళ సంచుల్లో వస్తే వచ్చినట్టు, రాకపోతే దాదర్ పూల మార్కెట్ బంతిపూలే. ఆ సంగతి అందరికీ చెప్పే కాగితం ఈ డబ్బాలో ఇరుక్కుని ఉంది.

పది నిమిషాలయింది. రండి.

నా సంచిలోంచి ఇది తీస్తున్నాను చూడండి. చిటికెన వేలి గోరంత నల్లటి స్పీకరు, నాలుగు రంధ్రాల కొక్కెం. లామింగ్టన్ రోడ్డులో కట్టిచ్చే డబ్బాల్లో చాలావాటికి ఇది పెట్టరు. ఇది లేకపోతే బోర్డు మూగది. అది ఏమని అరుస్తోందో వినబడక, చచ్చిపోయిందని తీర్పు చెప్పేస్తారు. పొద్దున వచ్చినతను చేసిన తప్పు అదొక్కటే.

బ్యాటరీ పెట్టాను. ప్రాసెసర్ పక్కనున్న నాలుగు పిన్నుల 12 వోల్టుల వైరు గట్టిగానే ఉంది. ర్యామ్ స్లాట్లు రెండూ ఖాళీగానే ఉంచుతున్నాను. అవును, ర్యామ్ లేకుండానే ఆన్ చేస్తున్నాం. మీరే నొక్కండి.

ఫ్యాన్ తిరిగింది. ఒకటి, రెండు...

బీ...ప్. ఆగి, మళ్ళీ బీ...ప్. మళ్ళీ.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. నాకు మాత్రం ఇంతకన్నా తీపి చప్పుడు లేదు. ఈ బోర్డు బయోస్‌లో పొడుగ్గా ఆగి ఆగి వచ్చే ఈ అరుపుకి అర్థం, నాకు మెమరీ దొరకడం లేదని. (అన్ని బోర్డులకీ ఒకే అరుపు ఉండదు, బయోస్ కంపెనీని బట్టి మారుతుంది.) ఆ మాట అనాలంటే ప్రాసెసర్ లేచి ఉండాలి, బయోస్ చదివి ఉండాలి, సప్లై సరిగ్గా ఇస్తుండాలి. చచ్చిన బోర్డు అరవదు.

"బోర్డు బాగానే ఉంది తమ్మీ."

వెనక నుంచి వాళ్ళమ్మ "అమ్మా తల్లీ" అని గోడకున్న దేవుడి పటం వైపు చూసింది.

ఆపేసి, వైరు పీకి, పాత 2 జీబీ మొదటి స్లాట్‌లో పెడుతున్నాను. గాటు చూసి నిటారుగా దించాలి, రెండు బొటనవేళ్ళతో రెండు చివరలా నొక్కాలి. టక్, టక్. రెండు క్లిప్పులూ వాటంతట అవే మూసుకోవాలి. ఆన్ చేస్తే మళ్ళీ అదే అరుపు. పొద్దున ఇతను చూసింది ఇదే, స్పీకరు లేక వినలేదు.

ఆపి, అదే ర్యామ్‌ని రెండో స్లాట్‌లోకి మారుస్తున్నాను. ఇంకేదీ ముట్టుకోవడం లేదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

బిప్.

చిన్నగా, ఒక్కటే. మానిటర్ చుక్క నారింజ నుంచి పచ్చకి మారింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్క వరసే దిగుతున్నాయి. 2048 ఎంబీ. కింద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కమని. భయపడకండి, మనం బ్యాటరీ తీశాం కాబట్టి తేదీ మరిచిపోయింది, అంతే. తేదీ, సమయం వేసి సేవ్ చేస్తే సరిపోతుంది.

తమ్ముడు కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని భుజం మీద ఒక చెయ్యి వేయండి, మీరు దగ్గరగా ఉన్నారు.

ఇప్పుడు మొదటి స్లాట్ సంగతి. నిన్నటిదాకా పని చేసిన స్లాట్ ఇవాళ ఎందుకు చెడుతుంది? సెల్‌ఫోన్ టార్చ్ వేసి అడ్డంగా పట్టుకోండి. ఇంకొంచెం ఏటవాలుగా. అదిగో, గాటుకి కుడివైపు, సన్నటి పిన్నుల మధ్య పచ్చగా ఏదో ఉంది.

పసుపు!

పోయిన దసరాకి ఆయుధ పూజ చేసి డబ్బా నెత్తిన పసుపు కుంకుమ పెట్టారు. బతుకునిచ్చే పనిముట్టుకి బొట్టు పెట్టకుండా ఈ ఇంట్లో దసరా గడవదు, గడవకూడదు కూడా. ఏడాదిగా అది పైరేకు కంతల చుట్టూ ఎండిపోయి ఉంది. పొద్దున తలుపు ఊడదీసి డబ్బాని పడుకోబెట్టినప్పుడు పొడి రాలింది. ఖాళీ స్లాట్ నోరు తెరుచుకుని ఉంది. పసుపు రేణువు ఒక్కటి పిన్నుకీ బంగారు గీతకీ మధ్య ఇరుక్కుంటే చాలు, కరెంటు దాటదు. డీడీఆర్3 ర్యామ్‌కి 240 గీతలు, అందులో కావలసిన ఒక్కటి తగలకపోయినా బోర్డు ఒప్పుకోదు.

నోటితో ఊదకండి. అందరూ చేసే పని అదే. ఊపిరిలో తడి ఉంటుంది, పసుపు తడిస్తే అతుక్కుంటుంది. నా దగ్గర రబ్బరు బంతి ఊదుడు ఉంది, మెత్తటి పొడి బ్రష్ ఉంది. డబ్బాని నిలబెట్టి, స్లాట్ నోరు పక్కకి తిరిగి ఉండగా బ్రష్‌తో రాల్చి ఊదుతున్నాను. పచ్చటి పొగలా వచ్చింది చూడండి. ర్యామ్ గీతలకి చదువుకునే పిల్లల రబ్బరు చాలు. వాళ్ళమ్మ మనవరాలి కంపాస్ బాక్స్‌లోంచి తెచ్చిస్తోంది. ముంబై గాలిలో ఉప్పు, తేమ, వంటింటి జిడ్డు కలిసి గీతల మీద కంటికి కనబడని పొరలా పేరుకుంటాయి. నెమ్మదిగా ఒకే దిక్కుకి రుద్దాలి. గట్టిగా గీకితే బంగారు పూత పోతుంది, అది వెంట్రుక కన్నా ఎంతో పలచన. రబ్బరు పొట్టు స్లాట్ మీద రాలకుండా దూరంగా వచ్చి రుద్దండి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసిన గుడ్డతో తుడవండి. ఆరనివ్వండి.

పాత ర్యామ్ మొదటి స్లాట్‌లోకి. బిప్. తెర వెలిగింది.

ఒక చిక్కు తీరింది. కానీ పొద్దున మొట్టమొదట కొత్తవి ఎందుకు లేవలేదు? పసుపే కారణమైతే ఇప్పుడు లేవాలి. పెడదాం. కొత్త ర్యామ్ ఒకటి, మొదటి స్లాట్‌లో: పొడుగు అరుపు. రెండో స్లాట్‌లో: పొడుగు అరుపు. రెండో ర్యామ్ తీసుకుని రెండు స్లాట్లలోనూ: అదే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కొత్తవి రెండూ చెడిపోయినవే రావడం అరుదు. రెండింటినీ బోర్డు ఒకే తీరుగా వద్దంటోందంటే చెడిపోలేదు, ఈ ఇంటికి సంబంధం కుదరలేదు.

"డీడీఆర్3 అనే చెప్పిన అన్నా, అదే ఇచ్చిండు."

ఇచ్చింది డీడీఆర్3నే. డీడీఆర్4 అయితే గాటు వేరే చోట ఉంటుంది, అసలు దిగేదే కాదు. స్పీడు ఎక్కువైందేమో అంటాడు తమ్ముడు. లేబుల్ మీద పీసీ3-12800 అని ఉంది, అంటే 1600. ఈ బోర్డు అంత వేగం పోలేదు. అయినా అది అడ్డం కాదు, వేగం గల ర్యామ్ బోర్డు నడకకి తగ్గి నడుస్తుంది.

రెండింటినీ పక్కపక్కన చేతిలో పెట్టుకుని చూడండి. పాతది తిప్పండి. ఇటు ఎనిమిది నల్ల చిప్‌లు, అటు ఎనిమిది. మొత్తం 16. కొత్తది తిప్పండి. ఇటు ఎనిమిది. అటు నున్నటి పచ్చ పలక, ఏమీ లేదు. (గోరులో సగం ఉన్న బుల్లి చిప్ ఒకటి కనబడుతుంది, అది లెక్కలోకి రాదు. ర్యామ్ తన వివరాలు రాసుకున్న చీటీ అది.)

దొరికింది.

చాల్ లెక్కలో చెబుతాను. పాత ర్యామ్‌లో ఒక్కో చిప్ 1 గిగాబిట్, పదహారు చిప్‌లకి 16 గిగాబిట్లు, అంటే 2 జీబీ. కొత్తదాంట్లో ఎనిమిదే చిప్‌లు, మొత్తం 4 జీబీ కావాలంటే ఒక్కో చిప్ 4 గిగాబిట్లు ఉండాలి. ప్రతి చిప్ లోపలా ఖోలీలు వరసలు వరసలుగా ఉంటాయి. 2 గిగాబిట్ల చిప్‌లో ఒక్కో విభాగానికి 32,768 వరసలు, వాటిని పిలవడానికి 15 తీగలు చాలు. 4 గిగాబిట్ల చిప్‌లో ఒక్కో విభాగానికి 65,536 వరసలు, దానికి 16వ తీగ కావాలి. జీ41 చిప్‌సెట్ 2008లో వచ్చింది. అది గుర్తుపట్టే పెద్ద చిప్ 2 గిగాబిట్లది, అంతే. మెమరీని చూసుకునే గుమాస్తా ఈ బోర్డులో ప్రాసెసర్ లోపల లేడు, ఈ అల్యూమినియం దిమ్మ కింద నార్త్‌బ్రిడ్జ్‌లో ఉన్నాడు. తర్వాతి తరం ఇంటెల్‌లో ప్రాసెసర్‌లోకే మారాడు. అంచేత ఇక్కడ ప్రాసెసర్ మార్చినా లాభం లేదు. చీటీలో 4 గిగాబిట్లు అని చదవగానే ఈ గుమాస్తాకి ఆ లెక్క తెలియదు, తలుపు వేసి కేకేస్తాడు.

ఇదే 4 జీబీ పదహారు చిప్‌లతో ఉంటే, ఒక్కోటి 2 గిగాబిట్లు అవుతుంది కాబట్టి, హాయిగా లేస్తుంది. పేరు, పరిమాణం ఒకటే, చిప్‌ల లెక్కలోనే తేడా. ఎంతమంది ఈ ఒక్క తేడా తెలియక బాగున్న బోర్డుల్ని తుక్కు కింద అమ్మేశారో! లామింగ్టన్ రోడ్డు రిపేరు బల్ల ముందు కూర్చున్న ఏళ్ళలో ఆ తుక్కు కుప్పల్లోంచి బోర్డులు తీసి, పాత ర్యామ్ పెట్టి లేపినవాణ్ణి నేను. అందుకే ఇంత చెబుతున్నాను.

"అయితే పదహారు చిప్‌లవి రెండు తెస్త అన్నా. ఎనిమిది జీబీ ఐతది."

తేవద్దు తమ్మీ. నీ విండోస్ 7 32 బిట్లది. ఎంత పోసినా 4 జీబీ అంచుకి మించి చూడలేదు, అందులోనూ కొంత పరికరాల చిరునామాలకి పోయి మూడు జీబీ పైచిలుకే చేతికొస్తుంది. 64 బిట్లకి మారితే నీ పాత అనూ, పాత ప్రింటరు మళ్ళీ మచ్చిక చేసుకోవాలి, అది పండగ ముందు పెట్టుకునే పని కాదు. పేజ్‌మేకర్ 7 2001లో వచ్చింది, దానికి అంత మెమరీ అక్కరలేదు కూడా. ఇంకొక్క 2 జీబీ తెచ్చుకో, మొత్తం నాలుగు అవుతుంది. మిగిలిన డబ్బుకి ఆ గరగరలాడే హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ తీసుకో. నిన్ను ఇన్నాళ్ళుగా ఏడిపిస్తోంది ర్యామ్ ఒక్కటే కాదు.

పదకొండున్నర. వాన సన్నబడింది. తమ్ముడు పాత 2 జీబీతోనే పేజ్‌మేకర్ తెరిచాడు. ముందు, కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఫోల్డర్లన్నీ కాపీ పెట్టించాను. అది నడుస్తుండగానే అతని వేళ్ళు కదులుతున్నాయి. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నాయి, అతను వాటి వైపు చూడడం లేదు. తెర మీద గుండ్రటి తెలుగు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటోంది. తలకట్టు, దీర్ఘం, వత్తు. వాళ్ళమ్మకి చదువు రాదు. కొడుకు వెనక నిలబడి ఆ అక్షరాలనే చూస్తోంది.

మర్నాడు పొద్దున పదకొండు. ఫాక్లాండ్ రోడ్డు దాటి గ్రాంట్ రోడ్ వైపు నడుస్తున్నాం. లామింగ్టన్ రోడ్డుకి డాక్టర్ భడ్కంకర్ మార్గ్ అని పేరు మార్చి ఎంతో కాలమైంది, పిలిచేది మాత్రం ఇప్పటికీ 1903 నుంచి 1907 దాకా గవర్నర్‌గా ఉన్నాయన పేరుతోనే. షట్టర్లు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. ఫుట్‌పాత్ మీద వైర్ల చుట్టలు, కేబినెట్ల అట్టపెట్టెలు, టెస్టర్లు, సోల్డరింగ్ వాసన. కొన్న కొట్లో రెండు 4 జీబీలూ తిరిగి తీసుకున్నారు, బోర్డు పేరు చెప్పగానే కుర్రాడికే అర్థమైంది. ఇంకో జాగ్రత్త ఉంది, దగ్గరికి రండి. పదహారు చిప్‌లున్నాయని చూపించి చవకగా ఇచ్చే ర్యామ్‌లలో ఏఎండీ బోర్డుల్లో మాత్రమే నడిచేవి ఉంటాయి. వాటి చిప్‌ల అమరిక వేరు, ఇంటెల్ బోర్డు వాటిని ఒప్పుకోదు. కొన్నింటి లేబుల్ మీదో పెట్టె మీదో ఏఎండీ అని రాసి ఉంటుంది, కొన్నింటి మీద ఏమీ ఉండదు. మీ బోర్డు పేరు చెప్పి, నడవకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

అసలు ర్యామ్ కొనబోయేటప్పుడు పాతదాన్ని తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకెళ్ళండి. బోర్డు మీద అచ్చువేసి ఉన్న పేరు ఫోటో తీసుకోండి. కొట్లో రెండు ర్యామ్‌లూ పక్కపక్కన పెట్టి చిప్‌లు లెక్కపెట్టండి. మీ ఇంట్లోనూ దసరాకి డబ్బాకి బొట్టు పెడతారు కదా. పెట్టండి. తలుపు తెరిచే ముందు మాత్రం తడిగుడ్డతో తుడిచి, ఆరాక తెరవండి.

మధ్యాహ్నం రెండు. రెండు స్లాట్లలో రెండు ర్యామ్‌లు. బిప్. 4096. మెమరీ పరీక్ష ఒక చుట్టు పూర్తిగా నడిపించాను, తప్పు ఒక్కటీ రాలేదు. నాలుగింటికి పేజీ పీడీఎఫ్ అయి ప్రెస్సుకి పోయింది.

రాత్రి ఎనిమిదికి మనం దిగుతుంటే, మెట్ల మలుపులో తడిగోడ మీద గులాబీ రంగు కాగితం అంటించి ఉంది. మైదా జిగురు ఇంకా ఆరలేదు. రేపు పెత్రమాస, సాయంత్రం ఆరింటికి గల్లీలోనే ఎంగిలిపూల బతుకమ్మ. ఆడపడుచులందరినీ రమ్మని రాసి ఉంది. మీ ఇంటివాళ్ళని తీసుకుని రండి. మెట్లు ఎక్కనక్కర లేదు.